లెక్కకు మించిన టిక్కులు

డబ్బా తనను చూసే అరుస్తోందని విజయరాణికి మంగళవారం పొద్దున తెలిసింది.

అత్త వెంకటవ్వ అంట్లు తోమడానికి రైల్వే క్వార్టర్లకు వెళ్లిపోయింది. మొగుడు చిరంజీవి రాత్రి పాళీ చేసి వచ్చి, రెండు రొట్టెలు తిని, గోడవైపు తిరిగి పడుకున్నాడు. పన్నెండు గంటలు మగ్గాల మోతలో నిలబడొచ్చిన మనిషి, చెవి పక్కన డప్పు కొట్టినా లేవడు. విజయరాణి నోటుబుక్కు, పెన్ను పట్టుకుని అల్మారా దగ్గరికి వెళ్లింది. అప్పటిదాకా తీరిగ్గా టిక్... టిక్ టిక్... అంటున్న డబ్బా, ఆమె పొట్ట తన ముందుకు రాగానే టిక్‌టిక్‌టిక్‌టిక్ అని ఎత్తుకుంది. ఆమె రెండడుగులు వెనక్కి వేసింది. నెమ్మదించింది. ముందుకు వచ్చింది. మళ్లీ మొదలు. ఐదుసార్లు చూసింది, ఐదుసార్లూ అంతే.

ఆమెకు ఏడో నెల. ఇంతకుముందు రెండు కడుపులు పోయాయి, ఒకటి నాలుగో నెలలో, ఇంకొకటి ఆరో నెలలో. ఈ మూడోదైనా నిలబడాలి. ఆ ఇంట్లో ముగ్గురికీ అంతకుమించిన కోరిక లేదు. అలాంటి పొట్టను చూసి డబ్బా అరుస్తోంది. విజయరాణి అక్కడే చతికిలబడింది.

ఇంతకీ మగ్గాల పనివాళ్ల ఇంట్లోకి ఆ డబ్బా ఎలా వచ్చిందో చెప్పాలి కదా. ముందే ఒక మాట: ఈ కథలో చదువుకున్న అమ్మాయి ఒకతి ఉంది, చదువు లేని ముసలమ్మ ఒకతి ఉంది, అటూ ఇటూ కాని పదో తరగతి కోడలు ఒకతి ఉంది. తెలివితక్కువ పని ముగ్గురూ చేశారు. కాబట్టి ఒక్కరినే పట్టుకుని తిట్టకండి.

రైల్వేలో పనిచేసే రామలింగేశ్వరరావుగారి అమ్మాయి ఇందుజ సూరత్‌లోనే పుట్టి పెరిగింది, ఎమ్మెస్సీ ఫిజిక్సు చదువుతోంది. వాళ్లింట్లో వెంకటవ్వ ఆరేళ్లుగా పనిచేస్తోంది. ఆ ఏడు, అంటే 2009లో, జులై ఇరవై రెండు బుధవారం పొద్దున్నే సూరత్ మీద సంపూర్ణ సూర్యగ్రహణం పడుతుందని ఊరంతా ఒకటే గోల. నల్ల కళ్లద్దాలు కొనేవాళ్లు కొంటున్నారు, ఉపవాసాలు మొక్కుకునేవాళ్లు మొక్కుకుంటున్నారు. ఇందుజకు మాత్రం ఆకాశం నుంచి రాలే కణాలను లెక్కపెట్టాలని బుద్ధి పుట్టింది. గ్రహణానికి ముందు ఎన్ని, గ్రహణంలో ఎన్ని, తర్వాత ఎన్ని. కణం తగిలినప్పుడల్లా టిక్కుమనే డబ్బా, గైగర్ కౌంటరు, ఒకటి కాలేజీవాళ్లు ఇచ్చారు. తీరా చూస్తే వాళ్ల క్వార్టరు నాలుగంతస్తుల కింద ఉంది, పైనున్న సిమెంటే కణాల్ని కొంత తినేస్తుంది. డాబా మీద పెడదామంటే వాన. అమ్మాయి తల పట్టుకుని కూర్చుంటే గిన్నెలు తోముతున్న వెంకటవ్వ అంది కదా:

"మా అర్ర మీద రేకులే బిడ్డా. వాననే ఆగది, నీ కణాలు ఆగుతయా?"

అలా శుక్రవారం నాడు మగ్గాల పేట బమ్రోలిలో, మెట్లెక్కి పోతే మూడో వరసలో ఉన్న రేకుల గదిలోకి డబ్బా వచ్చింది. "వడ్డించేటోళ్లు లేరు గని ఇంటికి చుట్టాలు మస్తుగొస్తున్నరు," అని చిరంజీవి నవ్వాడు. అల్మారాలో కింది అరలో, బియ్యం డబ్బా పక్కన దానికి చోటిచ్చారు.

లెక్క రాసే పని విజయరాణిది. సిరిసిల్లలో పదో తరగతి పాసయింది, దస్తూరి ముత్యాల్లా ఉంటుంది. మీట నొక్కాలి, పది నిమిషాలకు లెక్క అదే ఆగుతుంది, టిక్కులు ఆగవు, అంకె చూసి రాయాలి, రోజుకు ఆరుసార్లు. రెండు వందల నలభై ఏడు. రెండు వందల అరవై ఒకటి. రెండు వందల ముప్పై తొమ్మిది. పెళ్లయి సూరత్ వచ్చిన ఆరేళ్లలో ఆమె చేత ఎవరూ ఏమీ రాయించలేదు. మీట నొక్కి, అల్మారా ముందే పీట వేసుకుని, పది నిమిషాలూ పెన్ను పట్టుకుని కదలకుండా కూర్చునేది. ఆ అమ్మాయి పెద్ద పని అప్పగించింది, తప్పు పోకూడదని ఆమె పట్టుదల. డబ్బా ఎదుట కూర్చోనక్కర్లేదని ఇందుజ చెప్పలేదు. చెప్పాలని ఇందుజకు తోచలేదు.

"ఈ టిక్కులు మన మీద పడితే ఏమన్న అయితదా ఇందుజమ్మా?" అని మొదటి రోజే అడిగింది.

"ఏం కాదు విజయక్కా. పుట్టినప్పటినుంచి మనందరి ఒంట్లోంచి పోతూనే ఉన్నాయి. ఇన్నాళ్లూ వినపడలేదు, ఇప్పుడు వినపడుతున్నాయి, అంతే."

శని, ఆదివారాలు డబ్బా బుద్ధిగానే ఉంది. ఆదివారం ఆషాఢంలో ఆఖరి ఆదివారం, పోచమ్మ బోనాలు. బమ్రోలి తెలుగువాళ్లంతా ఒకచోట చేరి, వేపమండలు, పసుపు, డప్పులతో గుడిదాకా పోయారు. సాయంత్రం మబ్బుకే చీకటి పడితే పెట్రోమాక్స్ లైట్లు వెలిగించారు. దారిలో వాన జల్లు కొట్టింది. లైట్లలో వెలిగే తెల్లటి వలగుడ్డ తొడుగులు, మాంటిళ్లు, మూడు ఆ తడికి చిట్లి బూడిదై రాలాయి. అమ్మవారి ముందు వెలిగిన వెలుగు, మామూలు బూడిదా అది? వెంకటవ్వ లైట్ల అడుగున పడ్డదంతా కొంగులోకి దులుపుకుంది. సోమవారం పొద్దున కోడలికి తలస్నానం చేయించి, ఆ బూడిద ఎర్ర గుడ్డలో మూటగట్టి, తాయెత్తు చేసి, చీరకుచ్చిళ్ల లోపల పొట్టకు ఆనేలా నడుముకు కట్టింది.

"గ్రహణం దాటేదాక తియ్యకు. పోచమ్మ తల్లి సూస్కుంటది."

సోమవారం పొద్దున అంకె ఆరు వందల పదకొండు.

విజయరాణి తన కళ్లను తనే నమ్మలేదు. మళ్లీ నొక్కింది. ఐదు వందల ఎనభై ఏడు. సాయంత్రం ఇందుజ వచ్చి నోటుబుక్కు చూసి, "అరే!" అని నిలబడిన చోటే ఎగిరింది. "ఇది మామూలుది కాదు విజయక్కా! రెండింతల పైనే! ఇంత ఎక్కువ ఎక్కడినుంచి వస్తోంది?"

అని ఊరుకుంటే సరిపోయేది. చదువుకున్న పిల్ల, కడుపులో దాచుకోలేకపోయింది. పీట లాక్కుని కూర్చుని చెప్పింది. ఆకాశంలో తిరిగే ఉపగ్రహం ఒకటి ఈ మధ్య కణాలు లెక్కపెట్టిందట. పాజిట్రాన్లనే కణాలు, ఉండాల్సిన వాటికంటే ఎక్కువ ఉన్నాయట. ఎందుకు ఎక్కువో ప్రపంచంలో ఎవరికీ అంతుబట్టడం లేదు. దగ్గరలో ఏదో చచ్చిన నక్షత్రం విసురుతోందని కొందరు. కాదు, కృష్ణ పదార్థం అని ఒకటుంది, కంటికి కనపడదు, చేతికి తగలదు, ఈ విశ్వంలో మనకు తెలిసిన పదార్థంకంటే ఐదింతలుంది, అది చివికిపోయి విరుగుతూ ఉంటే వచ్చే ముక్కలే ఇవని ఇంకొందరు. ఇందుజ రాస్తున్న వ్యాసం దానిమీదే.

"నా డబ్బాకి అవేవీ దొరకవనుకో," అంది ఇందుజ. ఆ ముక్క మాత్రం నిజాయితీగానే చెప్పింది. "పైనుంచి వచ్చేది గాలికి తగిలి ముక్కలై, ఆ ముక్కలే కిందికొస్తాయి. అయినా చూడు, గ్రహణం దగ్గర పడేకొద్దీ ఇలా పెరిగితే..."

"ఆ కనపడనిది ఈడ గూడ ఉంటదా?"

"అంతటా ఉంటుంది. ఈ గదిలో, నీలో, నాలో."

"మరి ఎందుకు చివికిపోతది?"

"తెలీదు. ఏది ఎప్పుడు పోతుందో ఎవరూ చెప్పలేరు. కోట్ల కోట్ల ఏళ్లు బాగానే ఉంటుంది, ఉన్నట్టుండి పోతుంది."

విజయరాణి చేతిలో పెన్ను ఆగిపోయింది. బాగానే ఉంది, ఉన్నట్టుండి పోయింది. సరిగ్గా ఆ మాటే డాక్టరమ్మ రెండుసార్లు చెప్పింది. మొదటిసారి చెప్పినప్పుడు ఎందుకని అడిగితే, కొన్నిటికి కారణం దొరకదమ్మా అంది. రెండోసారి విజయరాణి అడగలేదు. ఇందుజకు ఇదేమీ తెలియదు. ఆ పిల్ల అప్పటికే సగం పేరుప్రతిష్ఠలు సంపాదించేసి, స్కూటీ ఎక్కి పాటలు పాడుకుంటూ వెళ్లిపోయింది.

అదీ సోమవారం సంగతి. ఇక మంగళవారం పొద్దున, చెప్పాను కదా, డబ్బా తనను చూసే అరుస్తోందని తెలిసింది.

భయం పట్టుకున్న మనిషి ఊరికే కూర్చోదు. విజయరాణి డబ్బాను రెండు చేతులా ఎత్తి, నిద్రపోతున్న చిరంజీవి దగ్గరికి తీసుకుపోయింది. మోస్తున్నంతసేపూ అది ఒకటే మోత. అతని పక్కన నేలమీద పెట్టి తను గుమ్మం దాకా జరిగింది. టిక్... టిక్... అంతే. మధ్యాహ్నం అత్త వచ్చాక, "జర ఆ డబ్బా పక్కన నిలవడు అత్తమ్మా," అంది.

"ఎందుకే?"

"ఊకెనే."

వెంకటవ్వ నిలబడింది. నడుముమీద చేతులు పెట్టుకుని డబ్బాకేసి గుర్రుగా చూసింది కూడా. డబ్బా ఏమీ అనలేదు. తన మొగుణ్ణి చూసి అరవదు, అత్తను చూసి అరవదు. తన ఒక్కదాన్నే. తనలోనే ఏదో విరుగుతోంది. ఆ రెండింటినీ విరిచిందే, కంటికి కనపడనిది, మూడోదాని దగ్గరికి వచ్చింది. ఇప్పుడు వినపడుతోంది, అంతే తేడా.

ఎవరికి చెప్పుకుంటుంది? మొగుడికి చెబితే, "పిచ్చి లేసిందా" అంటాడు, ఆ తర్వాత మగ్గం దగ్గర అదే తలుచుకుని చెయ్యి ఇరికించుకుంటాడు. అత్తకు చెబితే, మూడోసారి కూడానా అని ఆమె మొహం ఎలా అవుతుందో విజయరాణికి తెలుసు, రెండుసార్లు చూసింది. ఇందుజకు చెబుదామంటే ఆ పిల్ల సంతోషపడుతుందేమోనని భయం. ముందు నుయ్యి, వెనుక గొయ్యి. పొట్టమీద చెయ్యి వేసి సాయంత్రం దాకా కూర్చుంది. పొద్దున ఒకసారి కదిలిన బిడ్డ మళ్లీ కదల్లేదు. కదిలిందేమో, తనకు తెలియలేదేమో. డాక్టరమ్మ ఎన్నిసార్లు కదలాలని చెప్పింది? గుర్తు తెచ్చుకుంటే గుర్తు రాదు. దీపాలు పెట్టే వేళకు ఒక్క తన్ను తన్నింది. విజయరాణికి ఏడుపొచ్చింది.

"ఏందే, మొఖం గట్ల పెట్టినవ్?" అన్నాడు చిరంజీవి, పాళీకి పోతూ చెప్పులు వేసుకుంటూ.

"ఏం లేదు. జల్ది రా పొద్దుగాల."

"గ్రహణం విడిసినంకనే వస్త. సేఠ్ ఆ గంట మగ్గాలు బంజేస్తడంట, అందరం డాబా మీదికెక్కి సూస్తం."

వెంకటవ్వ అప్పటికే గ్రహణం ఏర్పాట్లలో పడింది. నీళ్ల బిందెల మీద, పచ్చడి జాడీ మీద దర్భ పోచలు వేసింది. కత్తెర, కత్తిపీట, సూదులు గుడ్డలో చుట్టి అటకమీదికి విసిరింది. కడుపుతో ఉన్న మనిషి ఉన్న ఇంట్లో గ్రహణం వేళ ఏదీ కోయకూడదు, తెంపకూడదు, మడవకూడదు. ఆ మనిషి వెలుతురు సోకకుండా, వెల్లకిలా, కదలకుండా పడుకోవాలి. తలుపుకు దూరంగా ఉండే మూల ఆ గదిలో ఒక్కటే ఉంది, అల్మారా ముందు. అక్కడే చాప పరిచింది.

"ఆడ వద్దు అత్తమ్మా."

"ఆడ గాకపోతే ఇంకేడ? రేకుల సందులకెళ్లి ఎల్తురు పడని జాగ గదొక్కటే. కిక్కురుమనకుండ పండు."

తెల్లవారి ఐదున్నరకు ఇందుజ వచ్చింది. బయట మబ్బు, సన్నగా తుంపర. సూర్యుడు కనపడతాడన్న ఆశ లేదు గానీ, డబ్బాకు మబ్బు అడ్డం కాదు కదా, అమ్మాయి ఉత్సాహం అమ్మాయిదే. వెంకటవ్వ ఆమెను లోపలికి రానిచ్చి తలుపు మూసి, సందుల్లో పాతగుడ్డలు కుక్కింది. విజయరాణి చాపమీద వెల్లకిలా పడుకుని ఉంది. ఆమె నడుముకు జానెడు దూరంలో, కింది అరలో, డబ్బా ఊపిరి తిప్పుకోకుండా కొట్టుకుంటోంది.

ఇందుజ టార్చి వేసి మీట నొక్కింది. పది నిమిషాలు. అంకె చూసి గుండెలమీద చెయ్యి వేసుకుంది. "బాప్ రే! పదకొండు వందల ముప్పై నాలుగు! గ్రహణం ఇంకా పూర్తిగా పట్టనే లేదు!"

ఆ గొంతులో సంతోషం విని విజయరాణికి ఒళ్లంతా చెమట పట్టింది. కదలకూడదు. గోడ అవతల నుంచి నిన్నటిదాకా రాత్రీపగలూ ఆగని మగ్గాల మోత ఒక్కొక్కటే తగ్గుతూ వచ్చి ఆగిపోయింది. ఇన్నేళ్లలో ఆ నిశ్శబ్దం ఆమె ఎప్పుడూ వినలేదు. ఆ నిశ్శబ్దంలో టిక్కులు ఇంకా పెద్దగా వినపడ్డాయి. రేకుల సందుల్లో బూడిదరంగుగా ఉన్న వెలుతురు ఇంకిపోయింది. చుట్టుపక్కల డాబాలమీద జనం ఒక్కసారిగా హోరుమన్నారు. పూర్తిగా పట్టేసింది.

"నాతోని గాదు!"

విజయరాణి లేచి కూర్చుంది. గోడ పట్టుకుని నిలబడింది కూడా.

"అయ్యో, అయ్యో! పండవే! గ్రహణంల లేస్తవా, బిడ్డకేమన్నయితే!" వెంకటవ్వ చీకట్లో తడుముకుంటూ వచ్చింది.

"అయ్యేదేదో అయితనే ఉన్నదత్తమ్మా! ఇను!" విజయరాణి తలుపుదాకా నడిచింది. టిక్కులు తగ్గిపోయాయి. టిక్... టిక్. వెనక్కి వచ్చింది. టిక్‌టిక్‌టిక్‌టిక్. "ఇన్నవా? నిన్నటిసంది సూస్తున్న. నువ్వు నిలవడితే లేదు, ఆయన పక్కన వెడితే లేదు. నేనొస్తెనే. ఆకాశంల లేదు ఇందుజమ్మా, నా కడుపులనే ఉన్నది నువ్వు చెప్పింది! చివికిపోతున్నది నా బిడ్డనే!"

ఇందుజ టార్చిని విజయరాణివైపు తిప్పింది. మొదటి పాఠంలోనే చెప్పే మాట అప్పుడు గుర్తొచ్చింది ఆ పిల్లకు: దగ్గరివన్నీ వెతికాకే దూరానికి పో. రెండు రోజులు ఆకాశంలో తేలుతూ, డబ్బా పక్కన ఏముందని ఒక్కసారి కూడా చూడలేదు. ఈవిడ మొహం కూడా చూడలేదు.

"విజయక్కా, ఆగు. బిడ్డ నీ కడుపులో శుక్రవారం కూడా ఉంది. అప్పుడు అంకె బాగానే ఉంది. అవునా? ఆదివారం తర్వాత నీ ఒంటిమీదికి కొత్తగా ఏమొచ్చింది? గాజులు? చీర? ఏదైనా."

"ఏమొస్తది?" అంది వెంకటవ్వ. "ఏం రాలే. తాయెత్తు దప్ప."

"అది తీసెయ్యండి."

"ఏందీ?" వెంకటవ్వ కోడలికీ ఇందుజకీ మధ్య వచ్చి నిలబడింది. "గ్రహణం నడుమ తాయెత్తు తీస్తరా? కడుపు మీద చెయ్యేస్తవా నువ్వు? సదువుకున్నదానివని ఇంట్లకు రానిస్తే..."

"అత్తమ్మా." విజయరాణి గొంతు చాలా చిన్నగా వచ్చింది. "నీ కాళ్లు మొక్కుత. తియ్యి."

బయట జనం ఈలలు వేస్తున్నారు. ఎక్కడో గుడిగంట ఆగకుండా మోగుతోంది. తీస్తే పోచమ్మకు అపచారం, తీయకపోతే ఈ పిల్ల గుండె ఆగేలా ఉంది. చివరికి కోడలి ముందు మోకాళ్లమీద కూర్చుంది. ముడి తడిసి బిగుసుకుపోయి ఉంది, వేళ్లకు రాలేదు. కత్తెర అటకమీద ఉంది. ఉన్నా, గ్రహణంలో గర్భిణి ఒంటిమీద ఇనుము పెడుతుందా? వెంకటవ్వ తల వంచి, కోడలి పొట్టకు మొహం ఆనించి, ఆ దారాన్ని పళ్లతో కొరికింది. ఉన్నవి నాలుగు పళ్లు. చాలాసేపు పట్టింది.

దారం తెగింది. ఆమె తాయెత్తు గుప్పిట్లో పట్టుకుని లేచి తలుపువైపు నడిచింది. టిక్కులు ఆమెతోపాటే తగ్గుకుంటూ పోయాయి. ఆమె ఆగింది. అర్థమైనట్టుంది. వెనక్కి తిరిగి, డబ్బా దగ్గరికి వచ్చి, గుప్పిట దాని ముందు పెట్టింది. టిక్‌టిక్‌టిక్‌టిక్. విజయరాణి అవతలి గోడ దగ్గర నిలబడి ఉంది, అయినా.

"ఇందులో ఏం పెట్టావు అవ్వా?" అంది ఇందుజ.

"పోచమ్మ ముందటి లైట్ల బూడిద. మూడు లైట్లది."

ఇందుజ నుదురు కొట్టుకుంది. పెట్రోమాక్స్ మాంటిల్! వాటిలో థోరియం కలుపుతారు, అందుకే అంత తెల్లగా వెలుగుతాయి. దానిలోంచి ఎప్పుడూ కణాలు వస్తూనే ఉంటాయి. కాలేజీ లాబులో కౌంటరు పనిచేస్తోందో లేదో చూడడానికి దాని ముందు పెట్టేది కూడా ఒక మాంటిల్ ముక్కే. నాలుగుసార్లు తన చేత్తో తనే పెట్టింది.

అంతలో రేకుల సందుల్లోంచి వెలుతురు మళ్లీ మొదలైంది, ఉదయం రెండోసారి అయినట్టు. ఇందుజ నోటుబుక్కు వెనక అట్టమీద గబగబా లెక్కలు వేసింది. రెండుసార్లు కొట్టేసి మూడోసారి వేసింది. "రెండు రోజులు. మూడు మాంటిళ్ల బూడిద. విజయక్కా, ఒక ఎక్స్‌రే తీయించుకున్నంత కూడా కాదు. బిడ్డకేం కాదు. ఒట్టు. తప్పు నాది, అవ్వది కాదు. నేను సోమవారమే వెతకాల్సింది."

విజయరాణి ఊపిరి వదిలింది. కానీ వెంకటవ్వ గదిలో లేదు. తలుపు తీసుకుని బయట మెట్లమీదికి పోయింది. తాయెత్తును పారేయలేక, దగ్గర పెట్టుకోలేక, పిట్టగోడ చివర ఇటుక కింద పెట్టి, కుళాయి కింద చేతులు తోముకుంటోంది. అంట్లు తోమే పీచుతో తోముకుంటోంది.

"లోపటికి రా అత్తమ్మా."

"రాను. నేను ఈడనే ఉంట." తుంపరలో ఆమె జుట్టు తడిసి నెత్తికి అంటుకుపోయింది. "మొదటిపారి గూడ ఆషాఢమే. అప్పుడు గూడ లైట్ల బూడిదనే కట్టిన నేను. ఎవలు చెప్పలే, నాకే తోచింది. నాలుగో నెల్ల పోయింది. నేను కట్టిన పదిరోజులకు పోయింది."

ఇందుజ గుమ్మంలోకి వచ్చింది. "అవ్వా, దానివల్ల పోదు. ఇంత కొంచెం దానికి కడుపు పోదు."

"నువ్వు మొన్ననేమో ఆకాశంల నుంచి అంటివి. గియ్యాల బూడిద అంటివి. రేపేమంటవో?"

పాపం ఇందుజ, ఐదేళ్ల కిందటి బూడిదను తెచ్చి ఏ డబ్బా ముందు పెడుతుంది?

విజయరాణి గోడ పట్టుకుని మెట్లదాకా వచ్చింది. అత్త పక్కన నిలబడలేదు, ఆమె వెనక్కి జరుగుతోందని గమనించి అక్కడే ఆగింది.

"రెండోపారి ఏం కట్టినవ్?"

"ఎందుకే గదిప్పుడు."

"చెప్పు అత్తమ్మా. గుర్తు తెచ్చుకో. చలికాలం గద."

వెంకటవ్వ తడిచేతులతో కళ్లు తుడుచుకుంది. "పసుపు. కొమురెల్లి మల్లన్న బండారి. ఊరికెళ్లి తెప్పిచ్చిన."

"బండారి కట్టినప్పుడు ఆరో నెల దాక ఉండి పోయింది. అండ్ల బూడిద లేకుండె. మరి గది ఎవలు జేసిన్రు?"

వెంకటవ్వ కుళాయి కట్టేసింది.

"బూడిద కట్టినా పోయింది, కట్టకున్నా పోయింది. అంటే బూడిదది కాదు. నీది గాదు, నాది గాదు. ఎందుకో మనకు తెల్వదు. ఆ డాక్టరమ్మకే తెల్వదు." విజయరాణి చెయ్యి చాపింది. "లోపటికి రా. నీ చేతులు లెక్కవెడుదం. ఎక్కువొస్తే గప్పుడు ఈడ కూసో."

విజయరాణికి ఆ ఆలోచన ఎలా వచ్చిందో ఇందుజకు అర్థం కాలేదు. తను రెండు రోజులు చేయలేని పని ఈవిడ తడిచిన మెట్లమీద నిలబడి చేసేసింది.

వెంకటవ్వ లోపలికి వచ్చింది, చేతులు ఒంటికి దూరంగా పెట్టుకుని. విజయరాణి చాపమీద అల్మారా పక్కనే కూర్చుని, అత్త రెండు చేతులూ లాగి తన పొట్టమీద పెట్టుకుంది. వెంకటవ్వ వెనక్కి లాక్కోబోయింది. విజయరాణి వదల్లేదు. ఇందుజ నోటుబుక్కు అందుకోబోతే, "నేనే రాస్త," అని తనే మీట నొక్కింది.

పది నిమిషాలు. టిక్... టిక్ టిక్... ఒకచోట మూడు టిక్కులు గబగబా పడ్డాయి, వెంకటవ్వ చేతులు బిగుసుకున్నాయి. మళ్లీ నెమ్మదించాయి. అవతల ఒక మగ్గం మొదలైంది, దాని వెనక ఇంకొకటి, చూస్తుండగానే మోత మామూలైంది. లోపల బిడ్డ ఒకసారి తన్నింది, ముసలమ్మ అరచేతి కిందే. ఆమె కళ్లు మాత్రం డబ్బామీద నుంచి కదల్లేదు.

లెక్క ఆగింది. విజయరాణి వంగి చూసి, ముత్యాల్లాంటి అక్షరాలతో రాసింది.

"ఎంతొచ్చింది?" అంది వెంకటవ్వ. ఆమెకు అంకెలు రావు.

"రెండు వందల నలభై ఎనిమిది."

"మంచిదేనా?"

"మంచిదే. శుక్రవారం లెక్కనే ఉన్నది."

వెంకటవ్వ చాలాసేపు ఆ అంకెకేసి చూసింది. చేతులు తీయలేదు.

"ఇంకోపారి వెట్టు బిడ్డా," అంది.

విజయరాణి మళ్లీ మీట నొక్కింది.